బాపు మోకాలి వెనక స్టెంట్

నల్లగొండలో మాది స్టీలు గిన్నెల దుకాణం. సరుకేదైనా బొటనవేలితో నొక్కి చూడందే కొనే అలవాటు మా ఇంట్లో లేదు. సొట్టపడితే పలుచని రేకు, పడకపోతే గట్టి సరుకు. లోహాల గురించి నా చదువంతా ఇంతే. ఆ చదువుతోనే హైదరాబాదులో డాక్టరు ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

బాపుకు షుగర్. మొదట్లో నడిస్తేనే పిక్క పట్టేసేది, ఆ నెలలో కూర్చున్నా పాదం నొప్పే. మోకాలి వెనక రక్తనాళం మూసుకుపోయిందని, స్టెంట్ వేయకపోతే కాలే పోవచ్చని డాక్టరు చెప్పి, నమూనా ఒకటి బల్ల మీద పెట్టాడు. వేలెడు పొడవు, సన్నటి వల లాంటి గొట్టం. నికెల్, టైటానియం కలిపి చేసిందట.

నొక్కాను. చప్పున అణిగిపోయింది.

“గిదేంది సారూ, గింత మెత్తగున్నది? గట్టి స్టీలుది లేదా?”

“రేకు పలుచన బిడ్డా,” పక్కనుంచి బాపు.

డాక్టరు నవ్వాడు. “వేలు తీసి చూడమ్మా.”

తీశాను. గొట్టం మళ్లీ గుండ్రంగా లేచింది.

“మీ బాపు రోజుకెన్నిసార్లు మోకాలు మడుస్తడు? స్టీలుది ఒక్కసారి సొట్టవడితే గట్లనే ఉంటది, రక్తం ఆగుతది. ఇది ఎన్నిసార్లు నొక్కినా లేస్తది. చల్లబరిచి, సన్నగ మడిచి లోపలికి పంపుతం. ఒంటి వేడికి దానంతటదే విచ్చుకుంటది.”

విన్నాను, నమ్మలేదు. సరుకులో ఉన్న లోపాన్నే గొప్పగా చెప్పి అమ్మడం దుకాణంలో పెరిగినదానికి తెలియదా! “జర ఆలోచించి వస్తం సారూ” అని లేచాను. మెట్లు దిగేలోగా వెనక్కి పిలుస్తారు, అది బేరంలో పాత ఎత్తు. మెట్లన్నీ దిగాం. ఎవరూ పిలవలేదు.

రెండు రోజులు ఇంకో రెండు దవాఖానలు తిరిగాను. రెండు చోట్లా అదే గొట్టం చూపారు, రెండు చోట్లా నొక్కాను. మూడో రోజు పొద్దున బాపు సాక్సు తీస్తే చిటికెన వేలు నల్లబడి ఉంది.

మొదటి డాక్టరు దగ్గరికే పరిగెత్తాం. ధర అడగకుండా సంతకం పెట్టడం నా బతుకులో అదే మొదలు. లోపల బాపు, బయట నేను. లిఫ్టు నుంచి నీళ్ల మిషను దాకా, మళ్లీ లిఫ్టు దాకా తిరుగుతూనే ఉన్నాను. “జర కూసో తల్లీ, నిన్ను జూస్తుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్,” అని బెంచీ మీది ముసలామె కసిరింది.

సాయంత్రానికి పాదం వెచ్చబడింది. కాలు దక్కింది. వేలు దక్కలేదు, వారానికి తీసేశారు.

కట్టు చూసుకుని బాపు అన్నాడు: “మంచి బేరమే జేసినవ్ బిడ్డా. కాలు మొత్తం అడిగిన్రు, వేలుతోని ఒప్పించినవ్.”

పక్క మంచమాయన పకపకా నవ్వాడు. నేను లేచి డాక్టరు గది దాకా వెళ్లాను. రెండు రోజుల ముందే వస్తే ఆ వేలు ఉండేదా అని అడగాలని. తలుపు తీసే ఉంది. అడగకుండానే తిరిగొచ్చేశాను.