మా పాలు కలపని శనివారాలు

నా చిన్నప్పుడు పలమనేరులో మాకు రెండు ఆవులుండేవి. పక్కింటి అక్క మా పాలు కూడా తన క్యానులో పోసుకుని టీ హోటళ్ళకు వేసేది. మా ఇల్లు గడిచేది ఆ పాలతోనే. కానీ పెరటాసి నెలలో, కొండమీది స్వామికి మొక్కే శనివారాల్లో ఆ క్యాను ముందు గుడికి, అభిషేకానికి వెళ్ళాలి. చర్చికి పోయే మా పాలు అందులో కలవకూడదని ఆమె పట్టుదల. ఆ రోజు పాలు సాయంత్రానికి ఇంట్లోనే విరిగిపోయేవి.

ఒక శనివారం మా అమ్మ బతిమాలింది. అక్క విసుక్కుంది. "చర్చిలో పంచే పాలపొడి డబ్బాలకి దేవుణ్ణి మార్చుకున్నోళ్ళు. మీ పాలు నేనెట్ల కలిపేది?"

నాకు ఒళ్ళు మండింది. సండేస్కూల్లో బైబిలు కంఠస్థ వాక్యాలకు బహుమతి తెచ్చుకున్న పిల్లను. బదులుగా ఒక వాక్యం నోటిదాకా వచ్చింది. సంఘ పెద్ద అయిన మా తాత నన్ను చేత్తో ఆపి, తాపీగా ఆమెనే అడిగాడు. "ఏటేటా కొండకి నడిసిపోతావు కదా పాపా, ఏం మొక్కు అది?"

అక్క క్యాను దించింది. మూడేళ్ళొచ్చినా నడవని కొడుకును చంకనేసుకుని మెట్లెక్కిన సంగతి చెప్పింది. తర్వాత వాడు నడిచాడట. తాత మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నాడు. నాకు తాత మీదా కోపం వచ్చింది.

"నువ్వెందుకు మారినావు మామా?" అందామె చివరికి.

"మాయమ్మ కలరాతో పోతే శవం ఎత్తను ఎవురూ రాలేదు. చర్చి నుంచి నలుగురొచ్చి మోసినారు. వాళ్ళెవురో చూద్దామని ఎనకాలే పోయినా. పాలపొడి ఇచ్చింటే ఈ ఆవులతో ఈ తిప్పలెందుకు పాపా నాకి?"

అక్క నవ్వు ఆపుకుంది. అయినా ఆ రోజు మా పాలు కలపలేదు. పై శనివారం మాత్రం వేరే బిందె తెచ్చి, గుడి నుంచి వచ్చాక మా పాలు హోటళ్ళకు మోసింది. బిందె వేరు ఎందుకని నేను కుములుతుంటే, తాత మాత్రం తృప్తిగా ఆవుకు గడ్డి వేశాడు. పాలపొడి మాట ఆమె నోట మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా ప్రార్థన కూటంలోనే కొండకు వెళ్ళేవాళ్ళను తేలిగ్గా మాట్లాడతారు. నేను అక్క కథ ఎత్తుకుంటే గడియారం చూస్తారు. నాకు విసుగొస్తుంది. నేను మాత్రం ఏం బాగుపడ్డాను? ఎవరైనా మమ్మల్ని ఒక మాటంటే ఇప్పటికీ ముందు వాక్యమే నోటికొస్తుంది. దాన్ని మింగి, "నీ సంగతి చెప్పమ్మా" అనడానికి ఈ వయసులోనూ ప్రతిసారీ ప్రభువును బలం అడుక్కోవలసి వస్తోంది.