పాండిచ్చేరిలో నాయన వెంట

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. మా పుత్తూరులో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందని తాయెత్తు కోసం పరిగెత్తేవాళ్ళు. ముందు డాక్టరు దగ్గరికి పొమ్మని నేను పోట్లాడేదాన్ని. ఇప్పటికీ నా బుద్ధి మారలేదు. అయినా ఇది రాస్తున్నానంటే, చూసింది నేనొక్కదాన్నే కాదు కాబట్టి. పక్కన మా అమ్మ ఉంది. అదీ పట్టపగలు.

నాయన బెల్లం వ్యాపారి. ప్రతి నెలా సరుకు వెంట పాండిచ్చేరికి పోయి, కొన్నాళ్ళు అక్కడే ఉండి వచ్చేవాడు. అమ్మకు సముద్రం చూడాలని మహా కోరిక. నన్నూ పిలుచుకుపోరాదా అని అడిగినప్పుడల్లా "ఆడేముండాది, ఉప్పునీళ్ళు తప్ప" అనేవాడు. అమ్మ నవ్వి ఊరుకునేది. ఆయన మాట మీద ఆమెకు అంత గురి.

ఎనభైల మొదట్లో నాయన గుండెనొప్పితో పోయాడు. అమ్మ తిండి మానేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నాకు పెళ్ళి కాలేదింకా, టైపు నేర్చుకుంటున్నాను. సముద్రం కోరికైనా తీరుద్దామని తిరుపతి నుంచి పాండిచ్చేరికి పోయే టూరు బస్సులో ఇద్దరికీ సీట్లు తీసుకున్నాను. ఏడాది తిరక్కుండానే విహారమా అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. గుడి గడప తొక్కబోమని, సముద్రం చూసి వచ్చేస్తామని చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించాను. చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాదిదాకా గుళ్ళోకి పోకూడదు మాలో.

పాండిచ్చేరిలో బస్సు దిగగానే గైడు మమ్మల్ని గొర్రెల్లా తోలుకుంటూ బయల్దేరాడు. సగం తమిళం, సగం తెలుగు. కాలువకు ఇటుపక్క ఫ్రెంచివాళ్ళ ఇళ్ళు, అటుపక్క మనవాళ్ళ ఇళ్ళు అని చూపించాడు. ముందు వినాయకుడి గుడి, తర్వాత సముద్రం అన్నాడు. అందరూ లోపలికి పోయారు. మేమిద్దరం మాత్రం ఎదురుగా ఒక అరుగు మీద కూర్చున్నాం.

ఉన్నట్టుండి అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మే, సూడు. మీ నాయన."

చూశాను. నల్ల గొడుగు వేసుకుని ఒక మనిషి అటు తిరిగి పోతున్నాడు. ఎడమకాలు పక్కకు విసిరినట్టు వేసి నడుస్తున్నాడు. అచ్చం నాయన నడకే.

ఆ నడక ఎలా వచ్చిందో చెప్పాలి. ఒకసారి బండి మీదనుంచి పడి ఆయన కాలు విరిగింది. ఎముకల కట్టుకు మా ఊరు పెట్టింది పేరు. గడువుకు ముందు విప్పితే వంకరగా అతుక్కుంటుందని కట్టు కట్టినవాళ్ళు చెప్పారు. వినలేదు. సరుకు చెడిపోతుందని కట్టు విప్పేసి పాండిచ్చేరి బస్సెక్కాడు. ఆ తర్వాత అమ్మ బెల్లాన్ని తిట్టని రోజు లేదు.

ఎవరో కుంటాయన అనుకున్నాను. కానీ అమ్మ అప్పటికే లేచి నడుస్తోంది, నేను వెనక పడ్డాను. కాలువ దాటాం. సందులు తిరిగాం. మేం ఎంత వేగంగా నడిచినా గొడుగు అంతే దూరంలో ఉంది. "ఏమయ్యో!" అని అమ్మ గొంతెత్తి పిలిచింది. అతను తిరగలేదు. ఒక పెంకుటిల్లు ముందు గొడుగు మూసి లోపలికి పోయాడు. ఆ వెంటనే మేమూ గడప దాటాం.

లోపల మగమనిషి లేడు. ఒకామె చేటలో బియ్యం చెరుగుతోంది. పక్కన బడి గౌనులో ఒక ఆడపిల్ల, ముక్కూ నుదురూ అచ్చం నావే. గోడమీద పూలదండ వేసిన నాయన ఫోటో.

ఆమె అమ్మను చూసి చేట కింద పెట్టింది. "మీరు పుత్తూరక్క గదా?" అంది.

మా సంగతి ఆమెకు మొత్తం తెలుసు. మాకే ఏమీ తెలియదు. అప్పుడు నాకు భయం వెయ్యలేదు, కడుపు మండిపోయింది. నాయన గొంతు పట్టుకుని నిలదీయాలనిపించింది. ఫోటోను ఏమని అడుగుతాం?

ఆమె ఏదీ దాచలేదు. ఏడుస్తూనే చెప్పింది. "ఈ బిడ్డ పుట్టినప్పుడు కాలికట్టు విప్పేసి వచ్చినాడక్కా. రావద్దని నేను జాబు రాసినా ఇనలా."

ఇన్నాళ్ళూ బెల్లాన్ని తిట్టిన అమ్మ ఆ పిల్ల వైపు చూసింది.

"ఎవరు పిలుచుకొచ్చినారక్కా మిమ్మల్ని?" అని అడిగిందామె.

"ఆయనే. ఇప్పుడే లోపలికొచ్చినాడు."

ఆమె ఉలిక్కిపడుతుందనుకున్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "దినమూ ఈ యాళకే వస్తాడక్కా. గొడుగు మూసిన సప్పుడు ఇనబడతాది. మనిషి కండ్లబడడు."

మంచినీళ్ళు ఇచ్చింది. అమ్మ ముట్టుకోలేదు. మేం గుడి దగ్గరికి తిరిగి వచ్చేసరికి గైడు మా కోసం వెతికి వెతికి మండిపడుతున్నాడు. తర్వాత సముద్రం ఒడ్డున బస్సు ఆపి, "దిగండమ్మా, ఇంత దూరం దీనికే గదా వచ్చింది" అన్నాడు. అందరూ దిగారు. అమ్మ కిటికీ మూసేసింది.

ఎవరో కుంటాయన్ని చూసి పొరబడ్డామని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మరి దారీ తెన్నూ తెలియని ఊళ్ళో, అన్ని సందుల్లో, ఆ గడపకే ఎలా పోయి తగిలాం? నిజం దాచలేక చివరికి ఆయనే మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడా, లేక తనింటికి తాను పోతుంటే మేం వెంటపడ్డామా? ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు.

అమ్మకు ఆ అనుమానమే లేదు. తిరుగుదారిలో చాలా దూరం వచ్చాక, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆడికి దినమూ వస్తాడంట మే. మనింటికి ఒక్కనాడన్నా వచ్చినాడా?"

రాలేదని ఆమెకు తెలుసు.