అరువిచ్చిన మాట

నాటకం వాళ్ళందరికీ ఆమె వదినే. నాటకాలు రాసేది ఆమె మరిది, వేషాల బట్టలు కుట్టేది ఆమె. ఊళ్ళో సగం మంది అతన్ని నెత్తిన పెట్టుకుంటే, తక్కిన సగం రాళ్ళు పట్టుకునేవారు. రాళ్ళు పడిన ప్రతిసారీ చిరిగిన తెర కుట్టవలసింది మాత్రం వదినే.

ఆ రాళ్ళన్నీ ఒక్క మాట మీద పడినవి. నాటకం చివర, మొగుడి శవం గడప దాటగానే భార్య పీట మీద కూలబడి "హమ్మయ్య" అంటుంది. అక్కడితో తెర. మొగుడు పోతే ఏడవాలి గాని ఇదేం పోయేకాలమని పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఎక్కడిదయ్యా ఈ మాట అని అడిగిన వాళ్ళందరికీ మరిది "నా ఊహ" అని జవాబు చెప్పేవాడు. ఆమె మిషను మీద కాలు తీయకుండా వినేది.

అది ఊహ కాదు. ఆమె మొగుడు కరెంటాఫీసులో పెద్ద గుమాస్తా. చేయి చేసుకున్న మనిషి కాదు. ఇంట్లో ఏ చప్పుడూ తన గొంతును దాటకూడదు, అంతే. అతను ఇంట్లో ఉన్నంతసేపు ఆమె మిషను ముట్టకుండా చేత్తోనే కుట్టేది. చెంచా పళ్ళానికి తగిలినా తలెత్తి చూసేవాడు. ఒకనాడు ఆఫీసు మెట్ల మీదే గుండె ఆగి పోయాడు. శవాన్ని తీసుకువెళ్ళాక ఆమె తలుపు దగ్గరికి వేసి, మిషను ముందు పీట మీద కూర్చుంది. ఆ మాట దానంతటదే నోరు దాటింది. గొడుగు కోసం వెనక్కి వచ్చిన మరిది కిటికీ అవతల నిలబడి విన్నాడని, నాటకం చూసినప్పుడు గాని ఆమెకు తెలియలేదు.

మరిదికి జుట్టు నెరిసింది, పేరు పెరిగింది. చివరికి టౌన్‌హాలు కమిటీయే కబురు పెట్టింది, నాటకం తమ హాల్లో వేయమని. ఆ ఒక్క మాట మాత్రం ఉండకూడదట.

"ఒక్క మాటే కదా వదినా, తీసేద్దాం," అన్నాడు మరిది గుండీల డబ్బా కెలుకుతూ.

"ఒక్క మాటే కదా. ఉంచెయ్."

"నీకు తెలీదు. హాలు ఇవ్వరు."

"నీ మాటలు బోలెడున్నాయి, ఏది కావాలంటే అది కొట్టేసుకో. అది నాది. నీకు అరువిచ్చాను గాని అమ్మలేదు."

అతను డబ్బా మూసేశాడు. "అది నీదని నేనెక్కడా అనలేదే!"

"ఊహ, ఊహ అని నువ్వు ఊరంతా చెబుతుంటే, పోన్లే, నా మీద రాయి పడకుండా చూస్తున్నాడనుకున్నా. తీరా చూస్తే ఇప్పుడు నువ్వే రాయి పట్టుకున్నావు."

కమిటీ దగ్గరికి ఆమె కూడా వెళ్ళింది. అధ్యక్షుడు కుర్చీ చూపించి, మెత్తగా, "అమ్మా, మీరైనా మీ మరిదికి చెప్పండి. సంసారి ఆడది ఎవరైనా అంత మాట అంటుందా?" అన్నాడు.

"నేనన్నాను."

అధ్యక్షుడి కలం ఆగిపోయింది.

"మా ఆయన పోయిన రోజు, మా ఇంట్లో, నేనే అన్నాను. మరిది ఊహ కాదు. నమ్మకపోతే ఇంకోసారి అంటాను."

"బస్సులో సీటు దొరికినా అంటామండీ ఆ మాట..." అని గొణిగిన కమిటీ గుమాస్తా, అధ్యక్షుడి చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

మరిది బల్ల మీది నాటకం ప్రతిని వెనక్కి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"హాలు మీరే ఉంచుకోండి," అన్నాడు.

నాటకం వదిన కుట్టుగదిలోనే వేశారు. మిషను గోడవారకు జరిపారు. గది పట్టని జనం వీధిలో నిలబడి కిటికీల్లోంచి చూశారు. మొదలుపెట్టబోయే ముందు, భార్య వేషం వేసే అమ్మాయి రవికె హుక్కులు పెట్టించుకుంటూ అడిగింది.

"వదినా, అప్పుడు నువ్వెలా అన్నావ్?"

"మెల్లిగా. నాకొక్కదానికే వినబడేంత. గట్టిగా అనడం అప్పటికి చేతకాదు."

"అయితే నేనూ అలాగే అననా?"

వదిన చివరి హుక్కు పెట్టి, తన పీట తెచ్చి గది మధ్యలో వేసింది. వీధికి అవతల గోడ వారగా నలుగురు రాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

"వద్దు," అంది. "వాళ్ళ దాకా వినబడాలి."