జంధ్యానికి వేలాడిన మోటారు రూము తాళంచెవి

చింతమాకులపల్లెకు పంచాయితీ నీళ్లట్యాంకు వచ్చిన ఏడు, దాని మోటారు ఎవరి చేతికి ఇవ్వాలన్నది పెద్ద చిక్కయి కూర్చుంది. పాకాల చుట్టుపక్కల ఊళ్లన్నిటిలాగే ఆ ఊళ్లోనూ రెండు పార్టీలు. ఈ పార్టీవాడికి ఇస్తే ఆ పార్టీ వీధులు ఎండుతాయి, ఆ పార్టీవాడికి ఇస్తే ఈ పార్టీ వీధులు ఎండుతాయి. ఏ పార్టీకీ చెందనివాళ్లు ఊరు మొత్తానికి ఇద్దరే ఉన్నారు. ఒకరు గుళ్లో పెరుమాళ్లు, రెండోవారు ఆయన ముందు నిలబడి భక్తులకు తీర్థం ఇచ్చే సౌందరరాజన్. పెరుమాళ్లు గుడి దాటి రాడు గనక, ప్రెసిడెంటు రంగరాజు సౌందరరాజన్ ఇంటికి వచ్చాడు.

"సామీ, ఇంతకాలం ఊరందరికీ ఉద్ధరిణితో నీళ్లు పోసినారు. ఇంకమీద మోటారుతో పొయ్యండి. పని అదే. చెంచా పెద్దది, అంతే," అన్నాడు.

లోపల అప్పడాలు ఒత్తుతున్న పెరుందేవికి నవ్వు ఆగలేదు. ఆమె మొగుడు ఇంట్లో బల్బు స్విచ్చిని కూడా గొడుగు కొసతో నొక్కే మనిషి. కరెంటంటే ఆయనకు అంత భయం. అలాంటివాడు, ప్రెసిడెంటు అంతటివాడు గడపలో నిలబడి అడిగేసరికి ఉబ్బిపోయి సరేనన్నాడు.

పాకాల నుంచి మోటారు మెకానిక్కు బడే సాహెబ్ సైకిలు మీద వచ్చి పని నేర్పించాడు. నేర్పించడానికి పెద్దగా ఏమీ లేదు. పచ్చబొత్తాం నొక్కితే నీళ్లు ట్యాంకుకు ఎక్కుతాయి, ఎర్రబొత్తాం నొక్కితే ఆగుతాయి. సౌందరరాజన్ మొదటిరోజు గొడుగు తెచ్చుకున్నాడు. కళ్లు మూసుకుని, "గోవిందా" అని, కొసతో పచ్చబొత్తాం పొడిచాడు. మోటారు ఒక్కసారిగా గర్జించింది. ఆయన గొడుగు అక్కడే పారేసి బయటికి దూకాడు. కాసేపటికి ట్యాంకులోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినబడింది. తలెత్తి ఆ చప్పుడు వింటుంటే ఆయనకు కళ్లు చెమర్చాయి. గుళ్లో ఇచ్చేది దేవుడు, తాను గిన్నె పట్టుకునే మనిషి మాత్రమే. ఇక్కడ నీళ్లను పైకి పంపింది తానే. నలభై ఏళ్లు దాటాక తన చేత్తో ఒక పని జరిగిందని ఆయనకు మొదటిసారి అనిపించింది, ఆ సంతోషం ఆయన దాచుకోలేదు కూడా.

ఆ రోజు నుంచి నీళ్లపనిని ఆయన గుడిపని చేసినట్టే చేశాడు. తడిపంచెతో వచ్చి, నామం దిద్దుకుని, వాల్వు తిప్పబోయే ముందు చేతిగంట వాయించేవాడు. ఆ గంట వినగానే ఆడవాళ్లు అలవాటుకొద్దీ కొళాయి కింద దోసిలి పట్టి, మొదటి గుక్క తాగి, తడిచెయ్యి నెత్తికి రాసుకుని, ఆ తర్వాత బిందె పెట్టేవాళ్లు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా వరసతో వచ్చింది. గుళ్లో మొదటి తీర్థం ఎవరికో, రెండోది ఎవరికో తాతల కాలంనుంచీ ఒక మర్యాద ఉంది. సౌందరరాజన్ కొళాయిలకూ అదే మర్యాద పెట్టాడు. ముందు దేవళం వీధి, తర్వాత నడిమివీధి, అందరికీ చివర మిట్టవీధి. మిట్టవీధి పేరుకు తగ్గట్టు ఎత్తులో ఉండేది. వాళ్ల వంతు వచ్చేసరికి ట్యాంకు అడుగంటి, కొళాయి నుంచి నీళ్లకు బదులు గాలి వచ్చేది.

మిట్టవీధి తిరుమలమ్మ నోటికి ఊళ్లో ప్రెసిడెంటు కూడా జడిసేవాడు. ఆమె రోజూ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వాల్వు దగ్గరికి దిగేది.

"ఏం సామీ, మా వీధోళ్లకు దాహం కూడా ఆఖరునే అయితాదా?"

"అది కాదు తిరుమలమ్మా, సంప్రదాయం..."

"సంప్రదాయాన్ని బిందెలో పోసి చూపీ, ఎత్తుకుపోతా!"

సౌందరరాజన్ చేతిగంట ఇంకోసారి వాయించి ఇంటిదారి పట్టేవాడు.

మోటారు రూముకు ప్రెసిడెంటు దిండిగల్లు నుంచి ఒక తాళం తెప్పించాడు. కొబ్బరికాయంత ఉండేది అది. దాన్ని పగలగొట్టాలంటే ముందు గోడ పగలాలి. దానికి రెండు చెవులు. అవి ఇస్తూ రంగరాజు ఒక మాట చెప్పాడు.

"సామీ, ఈ బీగంచెవులు పోయినాయంటే నన్నేం అనద్దండి. మా బామ్మర్ది మునిరామయ్య మోటారు నాకియ్యి, నాకియ్యి అని ఇంట్లో నా పానం తీస్తా ఉండాడు. మీ చేతిలో ఒక్క తప్పు దొరికితే వాడికే ఇయ్యాల్సొస్తాది."

అందుకని సౌందరరాజన్ తాళంచెవిని జంధ్యానికి కట్టుకున్నాడు. ఆయన తండ్రి పెట్టె తాళంచెవి అక్కడే ఉండేది, తాతదీ అక్కడే. ఒంటిమీద నుంచి ఎప్పుడూ దిగనిది జంధ్యం ఒక్కటే గదా. ఒకటి పోతే రెండోది ఉంటుందన్న ముందుచూపుతో రెండో చెవిని కూడా అదే జంధ్యానికి కట్టాడు.

అంత ముందుచూపు గల మనిషికి జంధ్యాల పున్నమి గుర్తురాలేదు.

ఏటా ఆ రోజు కొత్త జంధ్యం వేసుకుని పాతదాన్ని పారేనీళ్లలో వదలాలి. ఊరి ఏట్లో పారడానికి ఇసుక తప్ప ఏమీ లేదు. సౌందరరాజన్ ఆలోచించాడు. ఊరు మొత్తం మీద కదిలే నీళ్లంటూ ఉంటే పంచాయితీ బావిలోనే ఉన్నాయి, వాటిని రోజూ కదిలిస్తున్నది తానే. పొద్దున్నే బావి గట్టున నిలబడి, మంత్రం చెప్పుకుని, కొత్తది వేసుకుని, పాతదాన్ని కళ్లు మూసుకుని బావిలోకి వదిలాడు. "బుడుంగ్" మని చప్పుడైంది. నూలుపోగుకు ఇంత చప్పుడేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఏడాది పాపాల బరువు గామోసు అనుకుని, పెరుమాళ్లకు క్షమాపణ చెప్పుకుని మోటారు రూముకు నడిచాడు.

తలుపు ముందు నిలబడి రొమ్ము తడుముకున్నాడు. కొత్త జంధ్యం తెల్లగా, తేలిగ్గా చేతికి తగిలింది. చుట్టూ తిప్పి చూశాడు, మళ్లీ తిప్పాడు. అప్పుడు ఆ చప్పుడు మళ్లీ చెవుల్లో వినిపించింది. మోటారు పోయింది, మునిరామయ్య చేతికి పోయింది. రేపటినుంచి తను మళ్లీ గిన్నె పట్టుకునే మనిషే.

మోటారుకు గ్రీజు పెట్టడానికి అప్పుడే బడే సాహెబ్ సైకిలు దిగాడు.

"ఏం సామీ, తలుపు తియ్యలేదు?"

"బీగంచెవి బావిలో పడిపోయింది సాహెబూ."

"దానికేముండాది, బావి నీళ్లు తోడేస్తే కనపడతాది."

"దేంతో తోడేది?"

"మోటారుతో."

"మోటారు యాడుంది?"

"రూములో."

"రూముకు బీగం?"

"ఏసుండారు."

"చెవి?"

బడే సాహెబ్ నోరు తెరిచి, బావివైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. తర్వాత సంచిలోంచి సుత్తి తీసి దిండిగల్లు తాళం మీద నాలుగు దెబ్బలు వేశాడు. తాళం చెక్కుచెదరలేదు, సుత్తి పిడి విరిగింది.

"పాతాళ గరిగె కావాల సామీ. బావిలో పడిన చేదలు తీస్తారే, ఆ కొక్కేల గుత్తి. ఎవరింట్లో ఉండాది?"

ఊళ్లో పాతాళ గరిగె ఒకే ఒక ఇంట్లో ఉంది. ఆ ఇల్లు ఎవరిదో గుర్తొచ్చినా, వేరే దారిలేక సౌందరరాజన్ బయల్దేరాడు.

తిరుమలమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మిట్టవీధిలోకి ఎన్నడూ రాని సామి మిట్ట ఎక్కి రొప్పుతూ రావడం చూసి, చేట పక్కన పెట్టింది.

"ఏం పడింది?"

"చెంబు," అన్నాడు సౌందరరాజన్.

"పంచాయితీ బావిలో ఎవురూ చేద వెయ్యకూడదని దండోరా వేయించినారే. నువ్వు ఆడ చెంబుతో ఏం చేస్తా ఉండావు?"

ఆయన పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడింది తక్కువ, ఆడినప్పుడు కుదిరింది అసలే లేదు. ఉన్నదంతా చెప్పేశాడు. తిరుమలమ్మ విన్నంతసేపూ గంభీరంగానే ఉంది. జంధ్యం, రెండు చెవులూ అన్నచోట ఆమెకు పొలమారింది. గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వయ్యాక పాతాళ గరిగెను అటకమీద నుంచి దించింది, కానీ చేతికి ఇవ్వలేదు.

"ఊరికే ఎవురికీ ఇయ్యను. చెంబో తపేలానో కుదువ పెట్టాల. నీకు చెంబు వద్దులే. రేపట్నుంచి మొదటి నీళ్లు మిట్టవీధికి."

"అమ్మా, మొదటి మర్యాద మార్చేది నా చేతుల్లో లేదు..."

"అట్లనా?" అని ఆమె గరిగెను మళ్లీ అటకమీద పెట్టబోయింది.

"ఇస్తా, ఇస్తా! మొదటి నీళ్లు మీకే!" అన్నాడు సౌందరరాజన్. తాతల కాలంనాటి మర్యాద మిట్టవీధి వాకిట్లో అంత సులువుగా మారిపోయింది.

బావిదగ్గర తిరుమలమ్మే తాడు పట్టుకుంది. బడే సాహెబ్ లాగడానికి నిలబడ్డాడు. సౌందరరాజన్ గట్టున కూర్చుని నామాలు చదవడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఒక బక్కెట పైకొచ్చింది. రెండోసారి ఇంకో బక్కెట. తర్వాత ఒక ఇత్తడి చెంబు, ఒక చేంతాడు, కాడ ఊడిన గరిటె. చేద వెయ్యకూడదని దండోరా వేసిన బావి ఇది. ఊరంతా గుట్టుగా వేస్తూనే ఉందన్నమాట. అది తెలియనివాడు సౌందరరాజన్ ఒక్కడే.

ఈలోగా పొద్దెక్కింది, కొళాయిలు గాలి వదిలాయి. బిందెలతో ఊరు ఊరంతా బావిదగ్గరికి కదిలొచ్చింది. ముందు మునిరామయ్య, వెనక ప్రెసిడెంటు.

"నేను చెప్పలా బావా? గంట కొట్టే చేతికి మోటారు ఎట్ల ఇస్తావు?" అని మునిరామయ్య గొంతు పెంచాడు. "సూడు, మోటారు రూముకు బీగం, ఆయప్ప బావిగట్టున జపం! ఈ బావిని కాపాడాల్నంటే నాలాంటోడు కావాల. చేద వేసినోడి చెయ్యి ఇరస్తానని మొదట చెప్పింది ఎవురు? నేను!"

సరిగ్గా అప్పుడే గరిగెకు బరువుగా ఏదో తగిలింది. బడే సాహెబ్ "యా అల్లా" అంటూ లాగాడు. పెద్ద ఇత్తడి బిందె, నీళ్లు కారుస్తూ పైకి వచ్చింది. పెళ్లిలో పెట్టిన సామాను మీద పేర్లు చెక్కిస్తారు గదా, దాని మెడమీదా అక్షరాలున్నాయి. ప్రెసిడెంటు వంగి చూశాడు. అది ఆయన తన పెద్దరికం తెలిసేలా బామ్మర్ది పెళ్లికి తిరుపతిలో కొని, తన పేరే చెక్కించి ఇచ్చిన బిందె.

"ఏరా మునిరామయ్యా," అన్నాడు రంగరాజు మెల్లగా, "చెయ్యి మేమే ఇరవాల్నా, నువ్వే ఇరుసుకుంటావా?"

జనం ఘొల్లుమన్నారు. మునిరామయ్య బిందెను కౌగిలించుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆ నవ్వు ఆగకముందే గరిగె ఇంకోసారి పైకొచ్చింది. ఒక కొక్కేనికి పాచి పట్టిన జంధ్యం, దానికి రెండు తాళంచెవులు. అందరూ చూశారు. ఎక్కడిదో, ఎలా పడిందో చెప్పాల్సిన పనే లేకుండా పోయింది. సౌందరరాజన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వదిలేసిన జంధ్యం మళ్లీ ముట్టుకోకూడదు సాహెబూ. నువ్వే విప్పు."

"మనం తాగే నీళ్లలో జంధ్యమా?" అని ఎవరో సణిగారు.

"మీ బక్కెట్లు మునిగినప్పుడు లేని అంటు దారానికి యాడిదబ్బా?" అంది తిరుమలమ్మ.

కానీ ప్రెసిడెంటు ముఖంలో నవ్వు పోయింది. ఒక తాళంచెవిని తన జేబులో వేసుకుని, రెండోదాన్ని అరచేతిలో ఎగరేస్తూ ఆలోచనలో పడ్డాడు.

"సామీ, మీమీద నాకు కోపం లేదు. కానీ మళ్లీ ఏడు మళ్లీ పున్నమొస్తాది. ఈ చెవి మీకెట్ల ఇచ్చేది, మీరే చెప్పండి."

సౌందరరాజన్ చూపు మోటారు రూము తలుపుమీదే ఉంది. ఊరి ముందు ఏడుపొస్తుందేమోనని ఆయనకు భయంగా ఉంది.

పండగ వంట చల్లారిపోతోందని మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన పెరుందేవి జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి. ప్రెసిడెంటు ముందు చెయ్యి చాపింది.

"ఇట్లా ఇవ్వండి."

ఆయన ఇచ్చాడు. ఆమె తన మంగళసూత్రానికి ఉన్న పిన్నీసుల గుత్తిలో ఒకదాన్ని విప్పి, తాళంచెవిని దానికి గుచ్చి, మళ్లీ బిగించింది.

"వారిది ఏటా మార్చేది. ఇది వారున్నన్నాళ్లూ నా మెడలోంచి దిగదు," అంది. తర్వాత మొగుడివైపు తిరిగి, "పదండి, మోటారు వేసి వద్దురుగాని. అప్పాలు చల్లారిపోయాయి," అంది.

ఆడవాళ్లలో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. రంగరాజు రెండు చేతులూ జోడించాడు. రేపటిదాకా ఆగకుండా ఆ పూటే మొదటి నీళ్లు మిట్టవీధికి వెళ్లాయి. తిరుమలమ్మ దోసిలి పట్టి, తాగి, నెత్తికి రాసుకుని, "తియ్యగా ఉండాయి సామీ," అంది.

ఆ తర్వాత సౌందరరాజన్ చాలా ఏళ్లు మోటారు నడిపాడు. ఆయన ముందు నడిస్తే తాళం తీయడానికి పెరుందేవి వెనకే వచ్చేది. రానురాను పచ్చబొత్తాం కూడా ఆమే నొక్కేది, గొడుగు అవసరం లేకుండా. ఆయన గంట వాయించేవాడు. అయితే ఆమె అన్న మాటను ఊరు మరిచిపోలేదు. ఆ ఏడే చలికాలంలో ఆయనకు కాస్త జలుబు చేసి, గుళ్లో రెండుసార్లు దగ్గాడు. సాయంత్రానికి మిట్టవీధి నుంచి తిరుమలమ్మ మిరియాల కషాయం పట్టుకొచ్చింది, దేవళం వీధివాళ్లు తులసాకులు తెచ్చారు. ఆఖరుకు మునిరామయ్య కూడా తేనెసీసాతో అరుగు ఎక్కాడు.

"నాకేం కాలేదమ్మా, వట్టి జలుబే," అన్నాడు సౌందరరాజన్ సిగ్గుపడుతూ.

"నీకేమన్నా అయితే ఆ బీగంచెవి యాడుంటాది సామీ?" అంది తిరుమలమ్మ, కషాయం గ్లాసు ఆయన నోటిదగ్గర పెట్టి. "గమ్మునుండి తాగు. మా వీధికి పొద్దున్నే నీళ్లు కావాల."

ఆయన తాగాడు. అది పరమ ఘాటుగా ఉంది. ఆమె తేనెసీసా అందుకోవడానికి అటు తిరిగేసరికి, ఉండబట్టలేక మూడోసారి, అవసరం లేకపోయినా, దగ్గాడు.