రజియా, అంచుల్లో ఇంకా చెమ్మ ఉంది

నిన్న తెల్లవారుతుండగా బాషా అన్న ఫోన్ చేశాడు. "మన రజియా లేదమ్మా" అన్నాడు.

"ఎక్కడికెళ్లింది?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. అన్న చెల్లెలు ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు కదా. ల్యాబ్‌లో లేకపోతే పర్చూరు దగ్గర వాళ్ల మిర్చి కల్లంలో ఉంటుంది.

అవతల అన్న ఏడుపు వినపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రజియా, నేను బ్రాడీపేట హాస్టల్లో ఒకే రూమ్. అది ఫిజిక్స్, నేను ఎకనామిక్స్. అప్పుడు మొదలైన గొడవ మొన్నటి ఫోన్ దాకా సాగుతూనే ఉంది.

దేశం బాగుపడాలంటే ముందు రోడ్లు, గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు కావాలి, మీ రీసెర్చ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు అనేదాన్ని నేను.

"కోల్డ్ స్టోరేజీ ఫిజిక్స్ కాక పులిహోరా?" అనేది అది.

నేను పడీపడీ నవ్వేదాన్ని. అది మాత్రం సీరియస్.

"ఒసేయ్, మనం టిక్కీ బస్తాలకు బస్తాలు మిర్చి అమ్మి ఒక్క ఫోన్ కొనుక్కుంటున్నాం. ఆ ఫోన్ కనిపెట్టిన చోట ఎవరో ఒకరు ఏళ్ల తరబడి ఎందుకూ పనికిరాదనిపించే పని చేస్తుంటే, పోనీలే చేసుకోనీ అని జీతమిచ్చి కూర్చోబెట్టారే. అది మీ లెక్కల్లోకి రాదేం?"

అయినా ఒప్పుకునేదాన్ని కాదు.

అంత చదువు చదివి అది దేని మీద రీసెర్చ్ చేసిందో తెలుసా? మిర్చి మీద కప్పే పట్టా.

మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. కాయ కల్లంలో ఎండుతుంటుంది. మబ్బు పట్టగానే పరిగెత్తి టార్పాలిన్ పట్టా కప్పేస్తాం. వాన లోపలికి రాదు, నిజమే. కానీ లోపలి ఆవిరి బయటికి పోదు. కాయ మగ్గి, తెల్లబడి, తాలు అయిపోతుంది. ఏడాది కష్టం వచ్చినకాడికి అమ్ముకోవాల్సిందే.

వానను ఆపాలి, ఆవిరిని వదిలేయాలి. కంటికి కనపడనంత సన్నని రంధ్రాలున్న షీట్ ఒకటి తయారు చేయాలి. అంతే దాని పని. ఆ అంతే కోసం దాని వయసంతా పోసింది.

మొదటి షీట్‌ను రెండేళ్ల కిందట బాషా అన్న కల్లం మీదే కప్పింది. సగం కాయ తాలైంది. "సైంటిస్టమ్మ పట్టా" అని ఊరంతా ఒకటే నవ్వు. అన్న కొన్నాళ్లు చెల్లెలితో మాట్లాడలేదు.

ఓదారుద్దామని నేను వెళ్లాను.

అది మూతికి చున్నీ కట్టుకుని, కూలీల మధ్య కూర్చుని తాలు ఏరుతోంది. ఒకటే తుమ్ములు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందేమో అనుకున్నాను. నన్ను చూడగానే లేచి వచ్చింది.

"ఒసేయ్, తప్పెక్కడుందో తెలిసిపోయిందే! రాత్రి చలికి షీట్ చల్లబడుతోంది. ఆవిరి బయటికి పోకముందే దాని కింద నీళ్లయిపోతోంది!"

కొత్త చీర చూపించినట్టు ఆ తడి షీట్‌ను తిప్పి తిప్పి చూపించింది. నేను తెచ్చుకున్న ఓదార్పు మాటలు ఒక్కటీ అక్కర్లేకపోయాయి.

ఈ సీజన్‌కు కొత్త షీట్ వచ్చింది. తెల్లది. అన్న తిడుతూనే ఒక మూల కుప్ప దానికి వదిలాడు. "ఒక్కసారి మబ్బు పడితే చాలే" అని రోజూ ఆకాశం వైపు చూసేది. మిర్చి రైతు ఇంట్లో పుట్టి వాన కోసం ఎదురుచూసిన మనిషి అదొక్కతే అయి ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం మగవాళ్లు దాన్ని ఖబరస్థాన్‌కు తీసుకెళ్లారు. వాళ్లింట్లో ఆడవాళ్లం మిగిలాం.

అప్పుడు పట్టింది మబ్బు.

అందరం చూశాం. అందరి కాయా కల్లాల్లోనే ఉంది. కానీ ఆ ఇంట్లోంచి ముందు ఎవరు లేస్తారు?

రజియా వాళ్లమ్మే లేచింది.

"నా కూతురుంటే ఈపాటికి కల్లంలో ఉండేది. లేవండమ్మా, కాయ తడిసిపోద్ది" అంది.

ఏడుస్తూనే పరిగెత్తాం. అన్న కాయ మీద మామూలు పట్టాలు కప్పాం. ఆ మూల కుప్ప మీద తెల్ల షీట్ కప్పాం. ఒక కొస నేను పట్టుకున్నాను. దాని గురించి అన్నేళ్లు విన్నాను గానీ, చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి.

రాత్రంతా వాన.

ఈ రోజు ఎండ రాగానే తీశాం. మామూలు పట్టాల కింద కాయ మెత్తబడింది. తెల్ల షీట్ కింద నుంచి బాషా అన్న ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు.

గింజలు గలగలమన్నాయి.

అన్న ఇంకో కాయ తీసి ఆడించాడు. "చూడకుండా పోయిందమ్మా" అన్నాడు.

కానీ అంచుల్లో కాయ ఇంకా చెమ్మగానే ఉంది. నడిమధ్య అంత బాగా ఉండి, అంచుల్లో ఎందుకలా? నాకు తెలియదు. అన్నకూ తెలియదు. ఫొటో తీసి, అలవాటుగా దాని నంబర్ దాకా వెళ్లి ఆగిపోయాను.

రజియా, మన గొడవలో నువ్వే గెలిచావే.

పొద్దున్నుంచి మీ కల్లంలోనే కూర్చున్నాను. రోడ్డుంది. గోడౌనుంది. కోల్డ్ స్టోరేజీ కూడా ఉంది. అంచుల్లో చెమ్మ ఎందుకో అడుగుదామంటే నువ్వు లేవు.

నీతో ఇంకొక్కసారి పోట్లాడాలని ఉందే.

ఆ పైవాడి నీడలో చల్లగా పడుకో. మబ్బు పడితే కాయ మేం కప్పుకుంటాంలే.