ముఖం ఆఖరున గీయమన్న స్వరూప ఆంటీ

నిన్న మధ్యాహ్నం లండన్ ప్యాడింగ్టన్‌లో ట్రైన్ ఎక్కుతుంటే శ్రావణి అక్క ఫోన్ చేసింది.

"అమ్మ పోయిందిరా" అంది.

ఆంటీకి ఛాతీ ఇన్ఫెక్షన్ తగ్గుతోంది, ఈ వారంలో ఇంటికి పంపిస్తామని హాస్పిటల్‌లో మొన్ననే అన్నారు. నిన్న పొద్దున ఆంటీ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి మరీ కాలేజీకి వెళ్లాను.

బోగీలో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. మేముండే స్లౌ దాకా నిలబడే వచ్చానని దిగాక గాని తెలియలేదు.

ఆంటీని ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. నేను ఉంటున్న చిన్న బాక్స్ రూమ్ శ్రావణి అక్క వాళ్ల ఇంట్లోది. స్వరూప ఆంటీ అక్క వాళ్ల అమ్మ. హన్మకొండలో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చాక పార్కిన్‌సన్స్ అని తేలింది. చేతులు వణికి పెన్సిల్ నిలిచేది కాదు. ముఖం బిగుసుకుపోయింది. సంతోషమైనా, కోపమైనా ఒకేలా కనిపించేవారు.

నేను చదివేది యానిమేషన్. నా క్యారెక్టర్ల ముఖాలన్నీ ఇమోజీల్లా ఉన్నాయని మా ట్యూటర్ అన్న రోజు, కిచెన్ టేబుల్ మీద చిన్న అద్దం పెట్టుకుని, ఏడుపు ముఖాలు పెడుతూ గీస్తున్నాను. ఆంటీ కుర్చీలోంచి చూస్తున్నారు.

"ఎవలు బిడ్డా ఆ పిల్ల?"

"శాడ్‌గా ఉన్న అమ్మాయి ఆంటీ."

"ఏం శాడ్? అలిగిందా, చిన్నవోయిందా, బెంగ పెట్టుకున్నదా?"

నేను మళ్లీ అద్దంలోకి చూశాను.

"దాని మొఖం మీద కాయితం పెట్టు."

పెట్టాను. ఆంటీ కాసేపు చూశారు.

"బస్సు కోసం నిలవడ్డట్టున్నది" అన్నారు. కొంచెం ఆగి, "బస్సు గూడ టైముకే వచ్చేటట్టున్నది."

ఆ రోజు నుంచి నాకు రోజుకో మాట ఇచ్చేవారు. ముందు ఆ మాటలా నేను నిలబడాలి, కూర్చోవాలి. తర్వాత ముఖం లేకుండా మనిషిని గీయాలి. ముఖం ఆఖరున. అక్కడిదాకా వచ్చేసరికి చాలాసార్లు రెండు గీతలే సరిపోయేవి.

"అలిగినోళ్లు వీపు తిప్పుతరు గని, చెవు మన దిక్కే పెడతరు. పిలుస్తరేమోనని."

"చిన్నవోయినోళ్లకు కూసున్న కుర్చీ పెద్దగైతది."

ఇవన్నీ తెనాలిలో మా అమ్మ నోట రోజూ విన్న మాటలే. వాడేశాను తప్ప ఎప్పుడూ చూడలేదు. ఒక్కో మాటలో ఒక్కో మనిషి కూర్చుని ఉన్నారని ఆంటీ దగ్గరే తెలిసింది.

కానీ ఆంటీ బెంగ నా బొమ్మల గురించి కాదు. మనవరాలు ఆద్య గురించి.

ఆద్యకి ఆరేళ్లు. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఆంటీ సోఫాలో ఉంటే ఆ చివరకి వెళ్లి కూర్చునేది. ఒకరోజు వాళ్లమ్మతో, "అమ్మమ్మ ఈజ్ ఆల్వేస్ క్రాస్ విత్ మీ" అంది, అమ్మమ్మకి ఎప్పుడూ తన మీద కోపమేనని. ఆంటీ పక్కనే ఉన్నారు.

వాళ్లు పైకి వెళ్లాక ఆంటీ నాతో మెల్లగా అన్నారు.

"నా మొఖం ఇగ నా మాట వినదు బిడ్డా. పోరికి ఒళ్లు చూసుడు నేర్పాలె. నేను పోయినంక, అమ్మమ్మకు నేనంటే కోపముండె అనుకోవద్దు."

అలా మొదలైంది మా చున్నీ ఆట. ఆద్య స్కూల్ నుంచి రాగానే ఆంటీ, నేను తల మీద నుంచి చెరో చున్నీ కప్పుకుని కూర్చునేవాళ్లం. సంతోషమా, భయమా, అలకా, ఆద్య కనిపెట్టాలి. నా యాక్టింగ్ దానికి ఆనేది కాదు. "దట్స్ నాట్ సాడ్. యూ ఆర్ జస్ట్ స్లీపీ" అనేసేది.

ఆంటీ దగ్గర మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, వేళ్ల దగ్గర్నుంచి భుజాల దాకా నిదానంగా చూసేది.

సోఫాలో దూరం కొంచెం కొంచెంగా తగ్గింది.

దాని బర్త్‌డే నాడు తనంతట తనే ఆంటీ ఒళ్లో ఎక్కి కూర్చుంది. అక్క ఫోన్ పట్టుకుని, "అమ్మా, ఒక్కసారి నవ్వరాదే" అంది. ఆంటీ ప్రయత్నించారు. పెదవులు కదల్లేదు. అక్క మళ్లీ అడిగింది.

"మమ్మీ, షీ ఈజ్ స్మైలింగ్. లుక్ ఎట్ హర్ ఫీట్."

అందరం కిందికి చూశాం. స్లిప్పర్లు ఎప్పుడు వదిలేశారో, చీర అంచు కింద కాలివేళ్లు పైకి లేచి ఆడుతున్నాయి. వణుకు కాదది. ఆ తేడా ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అక్క వెనక్కి జరిగి, పాదాలు కూడా వచ్చేలా ఫొటో తీసింది.

నిన్నటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో, ఆంటీ నవ్వుతున్న ఫొటో ఒక్కటైనా ఉందా అని అడుగుతున్నారు.

ఈ పోస్ట్‌కి పెట్టిన ఫొటో అదే.

నిన్న సాయంత్రం ఇల్లంతా మనుషులు. ఆద్య స్కూల్ స్వెట్టర్‌లోనే మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. వచ్చినవాళ్లు "చిన్నపిల్ల కదా, దానికింకా తెలియట్లేదు" అనుకుంటూ పక్కనుంచి వెళ్తున్నారు.

స్వెట్టర్ చేతులు వేళ్లు దాటేలా లాక్కుంది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంది. అంత సన్నటి మెట్టు మీద, పక్కన ఒకరు పట్టేంత చోటు వదిలి, గోడకి ఒదిగిపోయింది.

దానికి తెలుసు.

ఆంటీకి వదిలిన ఆ చోట్లో నేను కూర్చోలేదు. ఒక మెట్టు కింద కూర్చున్నాను. చాలాసేపటికి దాని పాదాలు వచ్చి నా వీపుకి ఆనాయి.

వెళ్లి రండి ఆంటీ. మీరు భయపడినట్టు జరగలేదు, మీ మనవరాలికి మీరు అర్థమయ్యారు. ఇక మీ చేతులకి వణుకు లేని నిద్ర, మీ మనసుకి శాంతి దొరకాలి.