మా బాపు విధించిన ఆంక్షలు

మొన్న టీవీలో అణుపరీక్షల సంగతి వచ్చి, ఏదో దేశం మీద ఆంక్షలంటూ నలుగురు పెద్దమనుషులు గొంతు చించుకుంటుంటే నాకు నవ్వాగలేదు. ఆంక్షల గురించి మా ఇంట్లో తెలిసినంత వాళ్లకేం తెలుసు?

మనదేశం అణుబాంబు పరీక్షించిన తొంభై ఎనిమిది ఎండాకాలం మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నందికొండ డ్యాం నీళ్లు పల్లానికి పోతుంటే మెట్టన ఉన్న మా ఊరు బావులనే నమ్ముకుని బతికేది. బావిలో బండ అడ్డొస్తే మందు తోటా పెట్టి పేల్చడం, పేల్చేముందు నలుదిక్కులా కేకేసి చెప్పడం మా దగ్గరి కట్టుబాటు. మా ఇంటి వెనకే బావి ఉన్న చిన్నాయన, చెబితే అన్న అయిన మా బాపు అడ్డుపడతాడని గుట్టుగా పేల్చేశాడు. ఒక రాయి ఎగిరొచ్చి, పెంకులు పగలగొట్టుకుని, అమ్మ ఆ పొద్దుటే కలిపిన మామిడికాయ తొక్కు జాడీలో పడింది. నా జాగాలో నేను పేల్చుకున్నానని చిన్నాయన అన్నాడు. అంతే, ఆ ఇంటితో నిప్పు, నీళ్లు, మాట అన్నీ బంద్ అని బాపు తీర్మానించాడు.

తమాషా ఏమిటంటే, చిన్నాయన బావిలో జల పడింది, మా బావి అడుగంటింది. బాపు ప్రాణంగా పెంచుకున్న బత్తాయి మొక్కలు కళ్లముందే వాడిపోతున్నా, తమ్ముణ్ణి నీళ్లడగడానికి ఆయనకు నోరు రాలేదు.

అంతలో పెద్ద దేశాలు మనమీద ఆంక్షలు పెట్టాయని రేడియోలో చెప్పారు. అరుగు మీద పదిమంది వింటుండగా బాపు మండిపడ్డాడు.

“మన జాగల మనం పేల్చుకున్నం, గాళ్లకేం నొప్పి? చెప్తే పేల్చనిస్తరా?”

చింతపండు గింజలు తీస్తున్న బాపు తల్లి, మా అవ్వ, తలెత్తకుండానే అంది: “గదే మాట చిన్నోడన్నడు గదరా. నువ్వింటివా?”

అరుగంతా కండువాలు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు రేడియో కట్టేసి లోపలికి పోయాడు. తెల్లారి, తప్పు కింద, అంటే జరిమానాగా, ఒక జాడీ తొక్కు ఇస్తే చాలని అవ్వతో కబురంపాడు. చిన్నమ్మ కలిపిన తొక్కును చిన్నాయనే మోసుకొచ్చాడు. బాపు నాలుకకు రాసుకుని, ఉప్పు తక్కువైందన్నాడు. అదే సంధి. మధ్యాహ్నానికల్లా మా బత్తాయిలకు నీళ్లు పారాయి.

ఇప్పుడు చిన్నాయన బావీ పూడిపోయింది, ఎవరి బోరు వాళ్లది. నాకూ చిన్నాయన కొడుకులకూ ఏ తగాదా లేదు, మాటా లేదు. ఆంక్షలు పెట్టుకోవడానికైనా ఒకరితో ఒకరికి పని ఉండాలి కదా.